ఒకే సఫ్‌లో వాది ప్రతివాదులు

ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో మా ఇల్లు నూరేళ్ళు దాటినది. వీధి పొడవునా ఒకదానికొకటి అతుక్కుని సాగే ఇటుక ఇళ్ళలో అదొకటి. మా ఇంట్లో స్నానాలగది పై అంతస్తులో ఉండేది. మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. నర్సరావుపేట నుండి సందర్శకుల వీసాపై వచ్చి ఆరు నెలలు మాతో ఉన్న అత్తగారు, మోకాళ్ళ నొప్పులతో రోజుకు ఐదుమార్లు వుజూ కోసం ఆ మెట్లు ఎక్కి దిగేవారు. ఆమె మళ్ళీ వచ్చేసరికి వెనుకవైపు కొంత స్థలం కలుపుకుని కింది అంతస్తులోనే స్నానాలగది, కూర్చుని వుజూ చేసుకునే చోటు కట్టించాలని మావారు నిశ్చయించారు.

పని ఒప్పుకున్న బిల్డరు మా మస్జిద్‌కు వచ్చే సహోదరుడే. "మనలో మనకు కాగితాలెందుకు భాయీ?" అని ఆయన నవ్వారు. మావారు మాత్రం రాతకోతలు లేనిదే పని మొదలుపెట్టనివ్వలేదు. బాకీ వ్యవహారాలను రాసుకోవలసిన తీరును, సాక్షులను నిలుపుకోవలసిన తీరును వివరించే సూరా బఖరా 282వ ఆయత్, ఖుర్ఆన్‌లోని ఆయత్‌లన్నిటిలోకి పొడవైనది. ఆ ఆదేశం అపరిచితుల మధ్య వ్యవహారాలకే పరిమితమని అందులో లేదు కదా అన్నారు మావారు. మొత్తం 32,000 పౌండ్లు, ఐదు విడతలు. చివరి 5 శాతం, అనగా 1,600 పౌండ్లు, నగరపాలక సంస్థలోని భవన తనిఖీ విభాగం పని పూర్తయినట్లు ధ్రువపత్రం ఇచ్చిన తరువాతే చెల్లించాలి. ఇద్దరూ సంతకాలు చేశారు.

నాలుగు విడతల సొమ్ము తీసుకునే దాకా అంతా సవ్యంగానే ఉన్నట్లు కనిపించింది. తీసివేసిన గోడ స్థానంలో పైభారం మోయడానికి ఉక్కు బీము వేశారు. దాని రెండు కొనల కింద కాంక్రీటు దిమ్మలు ఉండాలని ఇంజనీరు లెక్కల్లో స్పష్టంగా ఉంది. తనిఖీ అధికారి చూడకమునుపే బీమును పలకలతో మూసేశారు. ఆయన విప్పించి చూడగా దిమ్మలు లేవు. బీము పాత ఇటుకల మీదే కూర్చుని ఉంది. స్నానాలగది సంగతి మరొకటి. నేల వాలు నీరు పోయే తూము వైపు కాక గోడ వైపు ఉంది. టైల్స్ కింద నీరు దిగకుండా వేయవలసిన పొర వేయనే లేదు. మూడు వారాలు తిరగకుండానే పక్కింటి గోడకు చెమ్మ ఎక్కింది. ఒంటరిగా ఉండే ఆ ఇంటి వృద్ధురాలు వచ్చి కోపగించుకోలేదు. నన్ను తీసుకువెళ్ళి గోడ మీద నా చేయి పెట్టించింది, అంతే.

బిల్డరును అడిగితే, ఒప్పందంలో లేని అదనపు పనులు చేశానని, ముందు 4,000 పౌండ్లు ఇస్తేనే తిరిగి అడుగుపెడతానని చెప్పారు. ఆ అదనపు పనులు ఏవో రాసివ్వమంటే రాసివ్వలేదు.

ఈ దేశంలో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, సేవ అందించేవాడు తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో పని చేయాలి. చేయనప్పుడు ముందుగా అతని ఖర్చుతోనే తిరిగి సరిచేయమని అడగాలి. అది సాధ్యం కాకపోయినా, తగిన వ్యవధిలో చేయకపోయినా ధర తగ్గింపు కోరవచ్చు. తప్పు చేసినవానికి దిద్దుకునే అవకాశం ముందు ఇవ్వాలన్న ఈ క్రమం నాకు నచ్చింది. మేము రెండుసార్లు లిఖితపూర్వకంగా ఆ అవకాశం ఇచ్చాం. మస్జిద్ పెద్దలు ఇద్దరు మధ్యవర్తిత్వానికి కూర్చున్నారు. బిల్డరు మొదటిసారి వచ్చారు, రెండోసారి రాలేదు.

ఆ తరువాత దావా మాట ఎత్తగానే మాకు నీతులు మొదలయ్యాయి. సహోదరుణ్ణి కోర్టుకు ఈడుస్తారా, పదిమందిలో పరువేం కావాలి అన్నారు. ఇలా అన్నవారిలో ఒక్కరూ పక్కింటి గోడ ఎవరు బాగుచేయించాలో చెప్పలేదు. పరువు అనే మాట మనవాళ్ళు తరచుగా నష్టపోయినవారి వైపు తిరిగే వాడుతుంటారు, ఎందుకో!

మరొక బిల్డరు దిద్దుబాటుకు 9,200 పౌండ్లని లెక్క కట్టి ఇచ్చారు. మా వద్ద నిలిచిన 1,600 తీసివేస్తే 7,600. ఇంగ్లండులో 10,000 పౌండ్లలోపు ఇటువంటి వివాదాలు సాధారణంగా చిన్న దావాల కిందికి వస్తాయి. వకీలు లేకుండా ఎవరి వాదన వారే వినిపించుకోవచ్చు. 14 రోజుల గడువుతో ముందస్తు లేఖ పంపి, జవాబు రానందున 455 పౌండ్ల రుసుము కట్టి దావా వేశాం.

మమ్మల్ని నిజంగా కష్టపెట్టింది దావా కాదు, టైల్స్ వేసిన కుర్రవాడు. రుమేనియా నుండి వచ్చినవాడు. బిల్డరు తనకు 840 పౌండ్లు ఎగవేశాడని ఒక సాయంత్రం మా గుమ్మంలో నిలబడ్డాడు. కింద పొర లేదేమని అడిగితే, "అడక్కుండా వేసెయ్" అన్నారట. ఆ సందేశం అతని ఫోనులో ఉంది. అదంతా రాసి సంతకం చేసి ఇస్తానన్నాడు.

చట్టరీత్యా అతని బాకీతో మాకు సంబంధం లేదు; ఆ సొమ్ము మేము బిల్డరుకు ఎప్పుడో చెల్లించాం. అయినా కూలివాని వేతనం ఆలస్యం చేయరాదన్న హదీసు ఎరిగినవాళ్ళం. చేతిలో ఉన్నది ఇచ్చి పంపుదామన్నాను. మావారు చాలాసేపు మాట్లాడలేదు. "ఇతడు మన సాక్షి. డబ్బు తీసుకుని సాక్ష్యం చెప్పాడని ఎదుటివారంటే మన దావాయే కాదు, ఇతని మాట కూడా పోతుంది" అన్నారు. అది నిజమే. భోజనం పెట్టి, అతను పనిచేసిన రోజుల తేదీలు, ఫోటోలు అతనికి కూడా ఒక ప్రతి ఇచ్చి పంపాం. ఆనాటి నుండి నర్సరావుపేట నుండి ఫోను వచ్చినప్పుడల్లా అత్తగారు గది సంగతి అడగడం మానేశారు. "ఆ పిల్లవాడికి డబ్బులు అందాయా?" అనేదే మొదటి మాట. అందలేదని చెప్పడానికి నాకు ప్రతిసారీ నోరు రాలేదు.

2024 మే నుండి ఇక్కడ ఇటువంటి చిన్న దావాలలో విచారణకు ముందు ఉచిత మధ్యవర్తిత్వం తప్పనిసరి చేశారు. గంటసేపు ఫోను మీద జరుగుతుంది. మధ్యవర్తి ఒకరి మాట మరొకరికి చేరవేస్తారు తప్ప, ఇరుపక్షాలూ ఒకరి గొంతు ఒకరు వినరు. మా వంతు 2025 ఫిబ్రవరిలో వచ్చింది. పెద్దల ముందు గొంతు పెంచిన బిల్డరు ఆ గంటలో మెత్తబడ్డారు. తీర్పు వెలువడి నెలలోపు సొమ్ము కట్టకపోతే అది ఆరేళ్ళు బహిరంగ పట్టికలో ఉంటుంది; సామగ్రి అరువు తెచ్చుకునే వ్యాపారికి అది చిన్న విషయం కాదు. మాకూ విచారణ దాకా పోవాలన్న పంతం లేదు. రుసుముతో సహా 6,300 పౌండ్లు, నెలకు 1,050 చొప్పున ఆరు వాయిదాలకు ఒప్పుకున్నాం. ఆయన 4,000 మాట వదులుకున్నారు. చివరిగా మావారు ఒక షరతు చేర్చమన్నారు: టైల్స్ మేస్త్రీకి రావలసిన 840 పౌండ్లు పద్నాలుగు రోజుల్లో చెల్లించి, రసీదు మాకు చూపాలి. "ఇది మీ దావాలో లేదు కదా" అని మధ్యవర్తి అడిగారు. లేదు, అయినా ఒప్పందంలో ఉండాలన్నారు మావారు. పది నిమిషాల తరువాత బిల్డరు ఒప్పుకున్నారు.

పన్నెండో రోజున ఆ కుర్రవాడే ఫోను చేసి సొమ్ము అందిందన్నాడు. నేను వెంటనే నర్సరావుపేటకు ఫోను చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. అయినా అత్తగారు ఎత్తారు, అల్‌హందులిల్లాహ్ అన్నారు.

దిద్దుబాటులో మొదట పక్కింటి గోడ ఆరబెట్టి ప్లాస్టరు చేయించాం. మే నెలలో ధ్రువపత్రం వచ్చింది. ఆ మధ్య ఒక జుమా నాడు ఆలస్యంగా వెళ్ళిన మావారికి సఫ్‌లో మిగిలిన చోటు ఆ బిల్డరు పక్కనే దొరికింది. భుజానికి భుజం ఆనించి నిలబడ్డారట. సలాం తరువాత ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆఖరి వాయిదా రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, మావారు గుర్తుచేయలేదు. అత్తగారి వీసా ఇంకా రావలసి ఉంది.