మౌస్‌ను పరిచయం చేయవలసిన రోజులు

ఈనాడు మన ఇళ్ళలో పిల్లలు కంప్యూటరుకు మౌస్ తగిలించగానే తెరపై బాణం గుర్తు కదులుతుంది. ఆ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందో వారికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ రాదు. మా తరం మొదటిసారి చూసిన కంప్యూటర్ల సంగతి వేరు. వాటికి మౌస్ బయటి నుండి వచ్చిన అపరిచితుడు. వచ్చినవాడెవరో, ఏ ద్వారం వద్ద ఉన్నాడో, ఏ భాష మాట్లాడతాడో యంత్రానికి మనమే చెప్పాలి. ఆ పరిచయం చేసే చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు.

దీనికి కారణం చరిత్రలో ఉంది. అమెరికా శాస్త్రజ్ఞుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తాను రూపొందించిన మౌస్‌ను 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగంగా ప్రదర్శించారు. అయినప్పటికీ 1981లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్ మౌస్ లేకుండానే వచ్చింది. దానిపై నడిచే డాస్ కీబోర్డుపై టైపు చేసిన ఆజ్ఞలనే స్వీకరించేది. 1983లో మైక్రోసాఫ్ట్ తన మౌస్‌ను విపణిలోకి తెచ్చిన తరువాత కూడా, డ్రైవర్‌ను విడిగా ఎక్కించనిదే డాస్ దానిని గుర్తించేది కాదు.

మా మదరసా కర్నూలులో ఉన్నది. 1996లో ఒక వ్యాపారి మాకు ఒక 486 కంప్యూటరును ఇచ్చారు. అందులో డాస్ 6.22, విండోస్ 3.1 ఉండేవి. అప్పటి మా గుమాస్తా సాహెబ్ చేరిన విద్యార్థుల పేర్లు, తండ్రుల పేర్లు, చేరిన తేదీలు, పూర్తిచేసిన తరగతులు ఉర్దూలో అందులో నమోదు చేసేవారు. చాలా ఏళ్ళు అలా సాగింది. తరువాత కొత్త యంత్రం వచ్చింది. పాతది మేడమీది గదికి చేరింది. గుమాస్తా సాహెబ్ కూడా కాలధర్మం చెందారు.

2009 అక్టోబరులో కర్నూలును ముంచెత్తిన వరద మా కింది గదుల్లోకి వచ్చింది. కాగితపు రిజిస్టర్లు నాని ముద్దయినాయి. మేడమీది యంత్రం మాత్రం మిగిలింది. దాని అవసరం ఎంతటిదో మాకు గత సంవత్సరం తెలిసింది. మా పూర్వ విద్యార్థి ఒకరు వచ్చారు. ఒక మస్జిదులో ఇమామ్‌గా అవకాశం వచ్చింది; సనద్ చూపమన్నారు. అది ఆ వరదలోనే పోయింది. "హజ్రత్, నేను ఇక్కడే చదివానని మీకు తెలుసు. కానీ వారికి కాగితం కావాలి" అన్నారు. నా జ్ఞాపకం సాక్ష్యమే గానీ, తేదీలకు ఆధారం కాదు కదా! ఆధారమంతా మేడమీది ఆ పెట్టెలో ఉంది.

మా యువ ఉపాధ్యాయుడు ఒకరు ఆ పని భుజాన వేసుకున్నారు. లోపలి బ్యాటరీ అయిపోయినందున హార్డ్ డిస్కు వివరాలు మళ్ళీ నమోదు చేయవలసి వచ్చింది. యంత్రం తెరుచుకుంది. కాని పాత మౌస్ తీగ ఎలుకలు కొరికి ఉంది. విండోస్ మెనూలు కీబోర్డుతో నడిచినా, మా ఉర్దూ ప్రోగ్రాములోని గుర్తులను మౌస్‌తోనే నొక్కాలి. నేటి యుఎస్‌బి మౌస్‌కు ఆ యంత్రంలో చోటే లేదు. పాత సామగ్రి అమ్మే దుకాణంలో మూడు మీటల సీరియల్ మౌస్ ఒకటి దొరికింది. తగిలిస్తే, "మౌస్ కనబడలేదు" అన్న సందేశం వచ్చింది. "మౌలానా, మౌస్ బాగానే ఉందని దుకాణంలో చూపించారండీ, ఇది మాత్రం గుర్తించడం లేదు" అన్నారాయన.

ఇక్కడ పాఠకులకు కొంత వివరించాలి. పాత కంప్యూటరులో మౌస్ పనిచేయాలంటే మూడు విషయాల్లో ఏకాభిప్రాయం కుదరాలి.

మొదటిది ద్వారం. సీరియల్ పోర్టులు సాధారణంగా రెండు ఉంటాయి: కామ్ 1, కామ్ 2. మౌస్ దేనికి తగిలించామో డ్రైవర్ దానిలోనే వెతకాలి. కొన్ని డ్రైవర్లు తామే వెతుక్కుంటాయి; ఆజ్ఞలో పోర్టు సంఖ్య రాసి ఉంటే మాత్రం అక్కడే చూస్తాయి.

రెండవది పిలుపు. మౌస్ కదిలినప్పుడల్లా ప్రాసెసరు దృష్టిని తనవైపు తిప్పుకోవాలి. దానికి ఐఆర్‌క్యూ అనే గంట ఉంటుంది. మామూలుగా కామ్ 1కు 4వ గంట, కామ్ 2కు 3వ గంట. కామ్ 3 కూడా 4వ గంటనే వాడుతుంది. అందువల్ల కామ్ 1లో మౌస్, కామ్ 3లో మోడెమ్ ఉన్నవారికి ఇంటర్నెట్ కలిపిన క్షణంలోనే మౌస్ స్తంభించిపోయేది. రెండూ మంచివే, గంట ఒక్కటే కావడం చిక్కు.

మూడవది భాష. ఆనాటి సీరియల్ మౌస్‌లలో రెండు పద్ధతులు ప్రబలంగా ఉండేవి. ఒకటి మైక్రోసాఫ్ట్‌ది, రెండు మీటలకు సరిపోయేది. రెండవది మౌస్ సిస్టమ్స్ అనే సంస్థది, మూడు మీటలది. మైక్రోసాఫ్ట్ పద్ధతి మౌస్‌కు పోర్టు నుండి విద్యుత్తు అందగానే అది 'ఎం' అనే ఒక్క అక్షరాన్ని పంపుతుంది. డ్రైవర్ దానిని విని, వచ్చినది మౌస్ అని గుర్తిస్తుంది. రెండవ పద్ధతిలో ఆ అక్షరం రాదు. అందుకే అనేక మూడు మీటల మౌస్‌ల అడుగున ఈ పద్ధతి నుండి ఆ పద్ధతికి మార్చే చిన్న స్విచ్ ఉండేది.

ఈ సంగతులు నాకు మౌఖికంగా నేర్పినది గుమాస్తా సాహెబే. ఆయన అంతకంటే మేలైన పని కూడా చేశారు. యంత్రం తెరుచుకోగానే డాస్ చదివే ఆటోఎగ్జెక్.బ్యాట్ అనే ఫైలును మేము తెరచి చూశాము. మౌస్ డ్రైవర్‌ను పిలిచే వరుసకు పైన 'రెమ్' అనే మాటతో మొదలయ్యే రెండు వరుసలున్నాయి. ఆ మాటతో మొదలయ్యే వరుసను యంత్రం అమలు చేయదు. అది మనుషుల కోసమే. మొదటి వరుసలో కామ్ 1లో ఒక సూది విరిగినదని, రెండవదానిలో మౌస్‌ను 25 సూదుల కామ్ 2కే తగిలించాలని, మధ్యన పెట్టవలసిన కన్వర్టర్ బల్ల సొరుగులో ఉన్నదని రాసి ఉంది.

సొరుగు లాగితే కన్వర్టర్ అక్కడే ఉంది.

దానితో మౌస్‌ను కామ్ 2కు తగిలించి, అడుగున స్విచ్‌ను మైక్రోసాఫ్ట్ వైపు జరిపి, యంత్రాన్ని మళ్ళీ తెరిచాము. ఈసారి డ్రైవర్ మౌస్‌ను గుర్తించింది. విండోస్‌లో మాత్రం బాణం కనబడలేదు. విండోస్ 3.1కు తనదైన మౌస్ డ్రైవర్ ఉంటుంది. డాస్‌లో కుదిరిన పరిచయం దానికి చాలదు. పాత మౌస్ పాడైన కాలంలో ఎవరో సెటప్‌లో "మౌస్ లేదు" అని ఎంచి ఉంచారు. డాస్‌లో విండోస్ డైరెక్టరీకి వెళ్ళి, సెటప్ తెరచి, ఆ చోట మైక్రోసాఫ్ట్ మౌస్‌ను ఎంచుకోగానే బాణం కదిలింది. కంట్రోల్ ప్యానెల్‌లో దాని వేగం తగ్గించి, రెండుసార్లు నొక్కడానికి మధ్య వ్యవధిని కొంచెం పెంచాము. నా వయసు వేళ్ళకు అది అవసరమైంది.

ఆ మధ్యాహ్నమే మా పూర్వ విద్యార్థి పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, పూర్తిచేసిన సంవత్సరం తెరపై కనిపించాయి. ఆయన కళ్ళు తుడుచుకుని ఆ వరుసను బిగ్గరగా చదివారు. దాని ఆధారంగా కొత్త సనద్ రాసి, మదరసా ముద్ర వేసి ఇచ్చాము. ఆ తరువాత నాలుగు రోజులు కూర్చుని రికార్డులన్నిటినీ 1.44 మెగాబైట్ల ఫ్లాపీల ద్వారా కొత్త యంత్రంలోకి చేర్చి, కాగితంపై కూడా ముద్రించి పెట్టాము.

మనకు అప్పగించిన రికార్డు అమానతు. దానిని భద్రపరచడమంటే పెట్టెను గదిలో ఉంచి తాళం వేయడం మాత్రమే కాదు. అవసరమున్నవాడు వచ్చిన రోజు దానిని తెరవగలగడం. గుమాస్తా సాహెబ్ యంత్రానికి అక్కరలేని రెండు వరుసలు రాసి, ఆయన తరువాత వచ్చే మాకు ఆ దారి చూపించి వెళ్ళారు.

మీ ఇళ్ళలోనూ పాత కంప్యూటరు ఉంటే, అందులో దుకాణపు లెక్కలో, పెద్దల ఉత్తరాలో ఉండవచ్చు. అది ఇంకా తెరుచుకుంటున్నప్పుడే వాటిని బయటికి తీయండి. మౌస్, కన్వర్టర్, డ్రైవర్ ఫ్లాపీ ఒకే సంచిలో ఉంచండి. డ్రైవర్ పోయినా నిరాశ వద్దు. డాస్ కోసం క్యూట్‌మౌస్ అనే ఉచిత డ్రైవర్ ఉన్నది, నేను చెప్పిన రెండు భాషలనూ అది అర్థం చేసుకుంటుంది. ఏ పోర్టు, ఏ స్విచ్, ఏ ఆజ్ఞ అన్నది ఒక చీటీపై రాసి పెట్టెకు అంటించండి.

మా యువ ఉపాధ్యాయుడు ఆ ఫైలులో 'రెమ్' అని మూడవ వరుస చేర్చారు. కొత్త మౌస్ అడుగున స్విచ్ ఏ వైపు ఉండాలో అందులో రాశారు.