ఫ్రిస్కోలో కాళ్లంటే కారే!

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఫ్రిస్కో ఒకటి. డాలస్‌కి ఉత్తరాన ఉంటుంది. గుడి ఉంది, బిర్యానీ ఉంది, పెసరట్టూ దొరుకుతుంది. సిటీ బస్సు మాత్రం లేదు. డాలస్ ప్రాంతంలో తిరిగే డార్ట్ బస్సులు, రైళ్ల వ్యవస్థలో ఈ ఊరు చేరలేదు. పాలు కావాలన్నా కారు తీయాల్సిందే.

అందుకే ఇక్కడ మన బతుకు నడిచేది రెండింటి మీద: కారు, కాగితం.

ముందు కాగితం సంగతి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి టెక్సస్ లైసెన్సు గడువు ఉండేది, వీసా కాగితాల్లో ఉన్న తేదీ వరకే. కంపెనీ టైముకి ఎక్స్‌టెన్షన్ వేస్తే, జవాబు రాకపోయినా పాత గడువు దాటాక 240 రోజుల వరకు అదే కంపెనీలో పని చేసుకోవచ్చు. కానీ లైసెన్సు మీద తేదీ తనంతట తాను మారదు. అపాయింట్‌మెంట్ తీసుకుని, రసీదు, పాస్‌పోర్టు, అడ్రస్ రుజువులు పట్టుకెళ్లాలి. అక్కడ మన వివరాలు ‘సేవ్’ అనే ఫెడరల్ సిస్టంలో సరిచూస్తారు. ఒక్కోసారి అది వెంటనే తేలదు. ఆఫీసులో పని చేసే హక్కుంటుంది, ఆఫీసుకి బండి నడపడానికే ఎదురుచూడాలి!

ఇక కారు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు. డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఫెయిల్. ఫెయిలైతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు.

పోయినేడాది నాకు రెండూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి. మొదటి షాపువాడు లైటు ఆర్పేసి బిల్లు చేతిలో పెట్టాడు. పరీక్షకి వెళ్తే మిషన్ ‘నాట్ రెడీ’ అంది. కోడ్ చెరిపేస్తే కారు కంప్యూటర్ తన లోపలి పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలట. అందుకు కొన్ని రోజులు ఊళ్లోనూ, హైవే మీదా తిప్పాలి. నా లైసెన్సు గడువేమో ఆ వారంలోనే. నడపమని కారు, నడపొద్దని కాగితం!

ఇంతలో లైటు మళ్లీ వెలిగింది. రెండో మెకానిక్ గంటసేపు వెతికి, పెట్రోలు ఆవిరి వెళ్లే దారిలో చిన్న వాల్వు పోయిందన్నాడు. పార్టు కంటే కూలి ఎక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో అయితే పక్కన స్టూలేసుకుని, టీ తాగుతూ బేరమాడేవాణ్ని. ఇక్కడ ఎస్టిమేట్ మీద సంతకం పెట్టడమే. కానీ ఒప్పుకోవాలి, రాసిందే తీసుకున్నాడు, చెప్పిన రోజే బండి ఇచ్చాడు.

లైసెన్సు లేని ఆ 11 రోజులు పక్క అపార్ట్‌మెంట్ అన్న నా కారులోనే నన్ను ఆఫీసుకి దించాడు. ఆ తిరుగుడుతో కారు ‘రెడీ’ అయ్యింది, పరీక్షా పాసైంది. డబ్బులిస్తే తీసుకోలేదు. “నన్నూ ఒకాయన ఇలాగే దించాడు తమ్ముడూ” అన్నాడు.

ఈ దేశంలో కొత్తగా దిగినవాళ్లు మూడు తేదీలు ఫోన్లో పెట్టుకోండి: ఐ-94, లైసెన్సు, రిజిస్ట్రేషన్ స్టిక్కర్. పాస్‌పోర్టు ముందే ముగిసేలా ఉంటే ఐ-94 కూడా ఆ తేదీకే ఆగిపోవచ్చు. టెక్సస్‌లో స్టిక్కర్ గడువుకి 90 రోజుల ముందు నుంచే రెన్యూ చేసుకోవచ్చు. ఆ మూడింటి పక్కన నాలుగోది కూడా రాసుకోండి, పొద్దున్నే ఆఫీసుకి దించగలిగే ఒక అన్న నంబరు.