చత్వారం వచ్చాక

ఆమెకు నెల రోజులుగా తలనొప్పి. పార్వతీపురం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. తెల్లవారుజామున మూడున్నరకు లేస్తే పదకొండు దాకా కూర్చోవడం ఉండదు. నలభై ఆరేళ్లు. బీపీ మామూలుగానే ఉంది, షుగర్ లేదు, మెడ బాగానే తిరుగుతోంది. నొప్పి రాత్రిపూటే వస్తుందట, కనుబొమల మీద, కళ్ల వెనక. సీటీ స్కాన్ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. బయట ఇరవై మంది కూర్చున్నారు, రాసేసి పంపడమే తేలిక. ఎందుకో ఆగి, "రాత్రి పడుకునే ముందు ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగాను.

ఆమె తలుపు వైపు చూసింది. తోడొచ్చిన కూతుర్ని "నువ్వెల్లి బయట కూకో" అని పంపేసింది. అప్పుడు గొంతు తగ్గించి, "సదువుకుంతన్నాను బాబూ" అంది.

కూతురి పాత పదో తరగతి పుస్తకాలు. ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింటి గుమ్మంలో, సెల్‌ఫోను లైటు వెలుగులో. ఎనిమిదో తరగతిలో ఉండగా పెళ్లి చేసేశారట. ఈ కుర్చీలో కూర్చుని ఇన్నేళ్లుగా తాగుడు గురించి, అప్పుల గురించి, ఇంట్లో చెప్పుకోలేని సంబంధాల గురించి చాలామంది చెప్పగా విన్నాను. ఇంత సిగ్గుపడుతూ చెప్పిన మనిషిని చూడలేదు. "ఈ వొయిసులో సదువేటని నవ్వుతారు గదా" అంది.

ఆమెకు వచ్చింది చత్వారం. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు, మన మాట అందులోంచే వచ్చింది. కంట్లోని కటకం చిన్నప్పటి నుంచే కొద్దికొద్దిగా బిగుసుకుంటూ వస్తుంది. నలభై దాటాక దగ్గరి అక్షరాలకు తగ్గట్టు ఉబ్బలేక మొరాయిస్తుంది. అప్పుడు పుస్తకాన్ని దూరంగా పట్టుకుంటాం. చెయ్యి పొడుగు కూడా చాలనప్పుడు డాక్టరు దగ్గరికి వస్తాం. జుట్టు నెరవడం ఎంత జబ్బో ఇదీ అంతే. ఆమె మాత్రం వేరేలా అర్థం చేసుకుంది. కళ్లు లాగుతున్నాయంటే దేవుడే వద్దంటున్నాడని.

కళ్లజోడు వచ్చింది, తలనొప్పి పోయింది. ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు ఇంకో ప్రశ్న తెచ్చింది. తనలాంటివాళ్లను పరీక్ష రాయనిస్తారా? రాయనిస్తారని చెప్పాను. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండి ఉండాలన్నదే నియమం, పైన హద్దు లేదు. అన్ని సబ్జెక్టులూ ఒక్క దెబ్బతో పాసవ్వాలనీ లేదు. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో 1982లోనే మొదలైంది. ఇప్పుడు దాని పేరు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. 2022లో డాక్టరు చదువుకు రాసే నీట్‌కు కూడా గరిష్ఠ వయోపరిమితి తీసేశారు. సర్కారు గేటు తీసి చాలా కాలమైంది. గేటు బయట నిలబడి, ఎవరైనా రమ్మంటారేమోనని చూస్తున్నవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు.

డాక్టరు సొరుగులో ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఉంటాయి. ఉద్యోగానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, యాత్రకు. ఏ కాగితమూ అవసరం లేని పనికి కూడా జనం మమ్మల్ని సర్టిఫికెట్ అడుగుతారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. (ఇక్కడ ఎవరి గురించి రాస్తున్నానో వాళ్ల ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.)

ఆ సర్టిఫికెట్ల సంగతి నాకు తెలియజెప్పిన ఆయన తాలూకాఫీసులో పనిచేసేవారు. యాభై ఏడో ఏట గుండెపోటు వచ్చింది, విశాఖలో స్టెంటు వేశారు. తర్వాత నాలుగేళ్లూ నా దగ్గరికే నెలనెలా వచ్చేవారు. ఎకోలో గుండె పంపింగ్ 55 శాతం, కొలెస్ట్రాల్ అదుపులో ఉంది. నిద్ర లేదు, దేనిమీదా ఆసక్తి లేదు. ఒకసారి జ్వరంగా ఉందంటే ఇంటికి వెళ్లి చూశాను. బీరువా మీద నల్లపెట్టె, చుట్టూ తాడు బిగించి ఉంది.

"వయొలినా?"

"అవునండీ. స్టెంటు వేసిన ఏడాదే కొన్నాను. మీరు వద్దన్నారు కదా, అలా ఉండిపోయింది."

నేను వద్దన్నానా? ఆయన భార్య అందుకున్నారు. "అన్నారండీ. ఈ వయసులో ఎందుకండీ ఈ శ్రమ, హాయిగా విశ్రాంతి తీసుకోండి అన్నారు. నేను పక్కనే ఉన్నాను."

విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఆయన సాయంత్రాలు సంగీత కళాశాల గోడ పక్కన సైకిలు ఆపుకుని వినేవారట. 1919లో మొదలైన కళాశాల. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ నేర్పారు. ద్వారంవారు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని అధ్యాపకుడిగానే తీసుకున్నారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా పేషెంటు మాత్రం గోడ దాటి లోపలికి వెళ్లనే లేదు.

ఆ మాట అన్నట్టు నాకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రోజుకు అరవై మందిని చూస్తూ, ప్రిస్క్రిప్షన్ రాస్తూ, తల ఎత్తకుండా అనేసి ఉంటాను. వయొలిన్ వాయిస్తే స్టెంటుకు ఏ హానీ లేదు. అయినా ఎందుకన్నాను? వద్దనడం డాక్టరుకు చాలా చవక. చేయమన్నాక ఏదైనా జరిగితే నా మెడకు చుట్టుకుంటుంది. వద్దన్నందుకు ఏ డాక్టరునీ ఎవరూ నిలదీయరు. నాలుగేళ్లు పెట్టెలో ఉండిపోయిన వయొలిన్ ఏ రిపోర్టులోనూ కనబడదు.

తప్పు దిద్దుకుందామని ఆ రోజు ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కింద "వయొలిన్, రోజుకు అరగంట" అని రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. నెల తర్వాత ఆయన వచ్చారు.

"అన్నీ కంటిన్యూ చెయ్యమంటారా?"

"చెయ్యండి."

"ఆ చివరిది ఆపేద్దామండీ. భుజం లాగుతోంది."

భుజం చూశాను. బాగానే ఉంది. తాడు విప్పనే లేదని పక్కనున్న ఆయన భార్య ముఖం చూస్తే అర్థమైంది. అప్పటిదాకా ఆ పెట్టెకు తాడు కట్టింది నా మాటేనని బాధపడుతున్నాను. తాడు ఆయన చేతిలోనే ఉంది, ముడి వేయడానికి ఎవరో ఒకరు వేలు పెట్టి పట్టుకోవాలి, నేను పెట్టాను. నలభై ఏళ్లు గోడ ఇవతల నిలబడి విన్న నాదం ఒక పక్క, మొదటిరోజు తన చేతి కింద కీచుమనే తీగ ఒక పక్క. దాన్ని తట్టుకోవడం కన్నా డాక్టరు వద్దన్నాడని చెప్పుకోవడం సుఖం. ఆయన్ని తప్పుపట్టను. ఆ లైను మాత్రం కొట్టేయలేదు. ప్రతి నెలా రాస్తున్నాను, ప్రతి నెలా ఆయన నవ్వి మడిచి జేబులో పెట్టుకుంటున్నారు.

అన్ని వద్దులూ ఇలాంటివి కావు లెండి. హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు ఫారం పట్టుకొచ్చిన ఓ రిటైర్డ్ మాస్టారికి ట్రెడ్‌మిల్ పరీక్షలో ఈసీజీ మారింది. సంతకం పెట్టనన్నాను, ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. యాంజియోగ్రాంలో పెద్ద అడ్డంకే కనబడింది. కొండ ఎక్కడికీ పోదు మాస్టారూ, ముందు రక్తనాళం సంగతి చూద్దామన్నాను. మరుసటి ఏడాది తక్కువ ఎత్తున్న చోటికి సంతకం పెట్టాను.

మందుల షాపులో పనిచేసే ఒకమ్మాయి అసలు నా అనుమతి అడగనేలేదు. ముప్పై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. నీట్ రాస్తున్నానని చెప్పింది. నాలుగున్నరేళ్ల కోర్సు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్ అని నేను వేళ్లు మడుస్తుంటే, "లెక్క వేసుకున్నాను సార్, టీటీ ఇంజెక్షన్ వేయించుకుందామని వచ్చాను" అంది. మొదటిసారి సీటు రాలేదు. మళ్లీ రాస్తోంది.

ఇక నా సంగతి. నాకు యాభై ఎనిమిది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల నుంచి సవర పేషెంట్లు మొదటి నుంచీ నా దగ్గరికి వస్తున్నారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగుకు చుట్టరికం లేదు. ఒక ముసలమ్మ చేతులు తిప్పుతూ రెండు నిమిషాలు చెబుతుంది. పక్కనున్న మనవడు "కడుపునొప్పంట సార్" అంటాడు. ఆ రెండు నిమిషాలూ ఎక్కడికి పోయాయి? ఆ ప్రశ్న నన్ను ప్రాక్టీసు పెట్టిన కొత్తలోనే పట్టుకుంది. నేర్చుకోవాలని ప్రతి సంక్రాంతికీ అనుకున్నాను. యాభై దాటాక ఇక ఈ వయసులో ఎక్కడ వస్తుందిలే అనుకున్నాను. పేషెంట్లకు ఉచితంగా పంచిన మాటే నేనూ వాడుకున్నాను.

ఈ ప్రాంతంలో ఉండి ఆ సాకు చెప్పడానికి సిగ్గుపడాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, ఎవరూ అడగకుండానే, సవర నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయిందంటారు. క్వినైన్ ఎక్కువైతే చెవిలో హోరు మొదలై వినికిడి తగ్గుతుందని మేం కాలేజీలో ఒక వాక్యంగా చదువుకుని వదిలేశాం. చెవితో పట్టుకోవాల్సిన భాష మీద పనిచేస్తున్న మనిషికి చెవే పోవడమంటే ఏమిటో ఆ వాక్యంలో లేదు. 1863లో పుట్టినాయన. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు.

పోయిన ఏడాది మొదలుపెట్టాను. మా ల్యాబులో పనిచేసే సవర కుర్రాడే గురువు. ఆదివారం సాయంత్రాలు పాఠం. మాట మధ్యలో గొంతులో ఊపిరి టక్కున ఆగే ఒక శబ్దం ఉంది, అది నాకు పొలమారినట్టే వస్తుంది. "వచ్చేస్తది సార్" అంటాడు గురువు, మొహం అటు తిప్పుకుని. అంకెలు ఇంకో తమాషా. మనం పదితో ఆగి మళ్లీ మొదలుపెడతాం కదా, వాళ్ల లెక్క పన్నెండు దాకా వెళుతుంది. పదమూడంటే పన్నెండూ ఒకటీ.

నేను సవర పాఠం పెట్టించుకున్నానని ఇడ్లీ బండి ఆమెకు ఎలాగో తెలిసింది. ఈ ఊళ్లో ఏదీ దాగదు. ఆమెకు లెక్కల పరీక్ష ఒక్కటే మిగిలింది. ఇప్పుడు పుస్తకాలు పగలే, బండి పక్కన స్టూలు మీదే పెట్టుకుంటోంది. "మీకేటి బాబూ, సదువుకున్నోరు, తొరగా వొచ్చేస్తాది" అంది, ఆవిరికి మసకబారిన కళ్లజోడు చీర కొంగుతో తుడుచుకుంటూ.

మొన్న ఒక సవర ముసలమ్మ జ్వరంతో వచ్చింది. ఎన్ని రోజుల నుంచని సవరలో అడిగాను. ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, మిగిలిన నాలుగు పళ్లూ కనబడేలా నవ్వి, మనవడితో ఏదో అంది.

"ఏమంటోందిరా?"

"చంటిపిల్లోడు మాట్లాడినట్టుందంట సార్."

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. అప్పుడే మాటలు నేర్చే పిల్లాడికి చెప్పినట్టు, ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది. పన్నెండు. ఆగింది. ఒకటి. నేను మనవడి వైపు చూడకుండా కేస్‌షీటు మీద "జ్వరం, 13 రోజులు" అని రాసుకుని, మలేరియా పరీక్షకు పంపాను.