విశాఖ వెళితే... గది సర్దే మనిషినీ గుర్తుంచుకుందాం!

డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖపట్నం వెళ్ళాలంటే గది ముందే చూసుకోవాలి. ఆర్.కె. బీచ్, 2002లో ఒడ్డున మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, అక్కణ్ణుంచి రైల్లో బొర్రా గుహలు, అరకు... అన్నీ ఆ చలికాలంలోనే చూడాలనిపిస్తుంది కదండీ! అందరికీ అలాగే అనిపిస్తుంది. దాంతో హోటళ్ళు కిటకిటలాడిపోతాయి.

మొన్న జనవరిలో మేం బీచ్ రోడ్డులో ఒక హోటల్లో దిగాం. రెండోరోజు మావారూ పిల్లలూ సముద్రానికి వెళితే, నేను మోకాళ్ళ నొప్పితో వరండాలో కూర్చున్నాను. అక్కడ హౌస్‌కీపింగ్ మేనేజరుగారితో మాట కలిసింది. నా ఈడు మనిషే. చేతిలో గదుల పట్టీ, చెవి దగ్గర ఫోను.

"పాతవాళ్ళు 12 గంటలకి ఖాళీ చేయాలి, కొత్తవాళ్ళు 2 గంటలకి వచ్చేస్తారు. ఆ మధ్యలోనే దుప్పట్లు మార్చాలి, బాత్రూములు కడగాలి, ఇసక ఊడ్చాలి. ఇద్దరు అమ్మాయిలు పనికి రాకపోతే నేనే చీపురు పట్టాలి. తువ్వాళ్ళు ఆలస్యమైతే రిసెప్షనుకీ, యజమానికీ, గెస్టుకీ జవాబు చెప్పాల్సింది నేనే. ఆ కోపం అమ్మాయిల మీద చూపిస్తే రేపు వాళ్ళు మానేస్తారు" అన్నారావిడ. రాత్రి నిద్దట్లో కూడా గది నంబర్లే కనిపిస్తాయట!

సముద్రం పక్కన ఇంకో బాధ. ఉప్పుగాలికి అద్దాలు మసకబారతాయి, ఇనప సామాను తుప్పు పడుతుంది, తడి ఇసక తూముల్లో చేరి నీళ్ళు నిలిచిపోతాయి. పొద్దున తుడిచింది సాయంత్రానికి మళ్ళీ మామూలే.

వింటుంటే మన వంటిల్లే గుర్తొచ్చింది. శుభ్రంగా ఉన్నన్నాళ్ళూ ఎవరి కంటా పడదు, ఒక్క వెంట్రుక కనిపిస్తే మాత్రం అందరూ చూస్తారు! కాకపోతే మనకి ఒక ఇల్లు, ఆవిడకి 60 గదులు.

తీరని పని ఒత్తిడితో మనిషి డస్సిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన పట్టికలో వివరించింది. జబ్బుగా కాదు, ఉద్యోగం తెచ్చిపెట్టే స్థితిగా. అంటే అది ఆ మనిషి చేతకానితనం కాదన్నమాట. సరిపడా మనుషుల్ని పెట్టడం, వారానికో సెలవు ఇవ్వడం యాజమాన్యం చూడాల్సిన పని.

మనం చేయగలిగిందీ కొంత ఉంది. బీచ్ నుంచి రాగానే కాళ్ళ ఇసక బయటే కడుక్కోండి. తడి తువ్వాళ్ళు ఒకచోట వేయండి. గోరింటాకు, పసుపు మరకలు తెల్ల దుప్పట్లకి అంటనివ్వకండి. బయల్దేరే టైము ముందురోజే చెప్పండి. గది బాగుంటే ఆ ముక్క రిసెప్షన్ పుస్తకంలో రాయండి. అందులో ఫిర్యాదులు రాసేవాళ్ళకి కరువు లేదు కదా!