వేసవి తలంటు

మన సంఘము వారు ఈ జ్ఞాపక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, నేను బళ్ళారి రాఘవగారి నటనను గూర్చియో, కోలాచలము శ్రీనివాసరావుగారి నాటకములను గూర్చియో వ్రాయుదునని వారు తలచి యుందురు. ఆ మహనీయులను గూర్చి నాకంటె తెలిసినవారు మనలో పెక్కుమంది కలరు. నాకు బాగుగా తెలిసినది మా ఇంటి స్నానపు గది. కావున వేసవిలో తలంటు పోసుకొను పద్ధతిని గూర్చి, అందులో నేను చేసిన ఒక పొరపాటును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇది సంస్కృతికి సంబంధించిన సంచికకు తగిన విషయమా యని సందేహించువారు, చివరివరకు చదివి పిమ్మట తీర్పు చెప్పుదురుగాక.

మన ఊరి ఎండను గూర్చి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కోటకొండ పగలెల్ల కాగి, రాత్రియంతయు ఆ వేడిని ఊరిమీదికి విడుచుచుండును. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణము. సంవత్సరమునకు పడు వాన సుమారు 500 మిల్లీమీటర్లు. నల్లరేగడి నేలలు బీటలు వారును. గాలి వీచినచో దుమ్ము లేచును. ఇనుప గనుల పని ముమ్మరముగా సాగిన రోజులలో, అనగా 2011లో సుప్రీంకోర్టు ఆ త్రవ్వకములను నిలిపివేయుటకు ముందు, హోసపేట దారిని పోయివచ్చినవారి తలలు ఎర్రబడి యుండుట మనమందరము చూచినదే. ఇట్టి ఊరిలో చెమట, దుమ్ము, ఎండ, ఉప్పునీరు అను నాలుగింటికి ఓర్చి ఒక జడను నిలుపుకొనుట సులభమైన పని కాదు.

మా అవ్వ, అనగా మా నాయన తల్లి, రాయదుర్గమునుండి ఈ ఊరికి కోడలుగా వచ్చినది. అప్పుడు ఆ ఊరును ఈ ఊరును మదరాసు ఏలుబడిలోని ఒకే జిల్లాలో ఉండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. "నా పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఒక రాష్ట్రం అయిపోయె. ఎండ మాత్రం రెండిండ్లకూ ఒకటే" అని ఆమె నవ్వుచుండెడిది.

ఆమె సంవత్సరమును రెండుగా పంచుకొనెడిది. చలికాలమున నువ్వులనూనె గోరువెచ్చగా కాచి తలనిండ అంటి, కుంకుడుకాయల రసముతో రుద్ది, హండాలోని వేడినీళ్ళు పోసెడిది. ఆడవారికి శుక్రవారము, మగవారికి శనివారము. కనకదుర్గమ్మ సిడిబండి యుత్సవము కడచినంతనే నువ్వులనూనె జాడీ అటకమీదికి పోయెడిది. ఆముదపు బుడ్డియు, కొబ్బరినూనె సీసాయు క్రిందికి దిగెడివి. నువ్వులనూనె వేడి, ఆముదము చలువ అని ఆమె మాట. ఆమె పోవునాటికి నాకు పదునాలుగేండ్లు. ఆ తరువాత చదువు, ఉద్యోగము, సంసారము వచ్చినవి. 1980ల దశాబ్దమున షాంపూ చిన్న చిన్న పొట్లములలో ప్రతి అంగడికిని వచ్చెను. పనికి పోవు ఆడవారికి అది గొప్ప సౌకర్యము; నేనును దానినే వాడితిని. అవ్వ పద్ధతిలో నాకు మిగిలినది "ఆముదము చలువ" అను ఒక్క మాట. మిగిలినదంతయు మరచితినని మాత్రము నాకు తెలియదు.

రెండేండ్ల క్రిందటి వేసవిలో, బెంగుళూరునందున్న నా కొడుకు కూతురు సెలవులకు వచ్చినది. దానికి పదేండ్లు. నడుము దిగిన జడ. వచ్చిన వారము దినములకే తల దురదయనియు, వెంట్రుకలు ఊడుచున్నవనియు ఏడ్వసాగెను. కత్తిరించినచో సుఖముగా నుండునని నా కోడలు చెప్పెను. నాకు కోపము వచ్చెను. మన ఇంటి ఆడపిల్ల జడ కత్తిరించుటయా! మా అవ్వ పద్ధతి నాకు తెలియును, ఈ పిల్ల తల నాకు విడిచిపెట్టుమంటిని. కోడలు మారు మాటాడక విడిచిపెట్టెను.

ప్రతి రాత్రి ఆముదము తలనిండ పట్టించి జడ బిగించితిని. దినము విడిచి దినము కుంకుడురసముతో గట్టిగా రుద్దితిని. తడి తల ఆరుటకు మిద్దెమీద ఎండలో కూర్చుండబెట్టితిని. పది దినములకు పిల్ల నుదుటిమీదను మాడుమీదను సెగగడ్డలు లేచెను. చుండ్రు పొరలు పొరలుగా రాలెను. వెంట్రుకలు కొబ్బరిపీచువలె బిరుసెక్కెను. కోడలు నన్ను నిందింపలేదు. "అత్తమ్మా, డాక్టరుకు చూపించుకొని వస్తాం" అని మాత్రము అని, పిల్లను తీసికొనిపోయెను. గడ్డలు మానువరకు నూనె ముట్టవద్దనియు, తల శుభ్రముగా నుంచుమనియు, ఎండలో త్రిప్పవద్దనియు డాక్టరు చెప్పెను.

ఆ సాయంకాలము పిల్ల నాతో అన్న మాట ఈ వ్యాసమునకు కారణము. "అవ్వా, నాకు తెలుగు తలంటు వద్దు" అనెను.

దాని దృష్టిలో నేను చేసినది నా పొరపాటు కాదు, అది తెలుగు. బడిలో దానికి కన్నడమును, ఇంగ్లీషును గలవు. తెలుగనునది మా ఇంటిలో, మా చేతిలో మాత్రమే కలదు. ఆ చేయి నెత్తిమీద పుండు చేసినచో, ఆ పిల్ల తెలుగును ఎందులకు కోరును? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఎదురింటి అజ్జి మా వాకిటికి వచ్చినది. ఎనుబదియేండ్లు దాటిన కన్నడపు ముసలమ్మ, మా అవ్వకు కడపటి యేండ్లలో ప్రాణస్నేహితురాలు. ఆమెకు తెలుగు వచ్చును, నాకు కన్నడము వచ్చును. సగము అటు సగము ఇటుగా మాట్లాడుకొందుము. ఆమె పిల్ల తలను చూచి నావైపు తిరిగి, "ఏమ్మా, ఎండకాలంలో ఇంత ఆముదం యాల పూస్తివి? మీ అవ్వ ఎప్పుడన్నా ఇట్ల చేసిందా?" అని అడిగెను. నాకు తల వంగిపోయెను. పిమ్మట ఆమె మా అరుగుమీద కూర్చుండి, మా అవ్వ వేసవి తలంటును వరుసగా చెప్పెను.

ఆముదము చలువయే కాని, వేసవిలో అది బొట్టుగానే పోయవలెను. నాలుగు చెంచాల కొబ్బరినూనెలో రెండు మూడు చుక్కలు కలిపి, మాడుమీదను వెంట్రుకల కొనలను మాత్రమే అంటవలెను. రాత్రి అంటరాదు, ఉదయము స్నానమునకు ఒక గంట ముందు చాలును. కుంకుడుకాయ చురుకైనది, ఉన్న జిడ్డునెల్ల లాగివేయును. కావున అది చలికాలపు నువ్వులనూనెకు తగిన జోడు. వేసవిలో సీకాయయే మేలు. ముందటి రాత్రి సీకాయను, గుప్పెడు మెంతులను వేరువేరుగా నానవేసి, ఉదయము రుబ్బి, పలుచని గంజిలో కలుపుకొనవలెను. మందారపు ఆకులు నాలుగు నలిపి వేసినచో జారుగానుండి చిక్కు పడదు. నీళ్ళు గోరువెచ్చన మించరాదు. కడపటి రెండు చెంబులును బోరునీళ్ళు కాక, కాలువనీళ్ళు గాని వాననీళ్ళు గాని కావలెను. తల నీడలో ఆరవలెను. తడితల దువ్వరాదు, ముడువరాదు. నడుమ దినములలో చెమట పట్టినచో వట్టి నీళ్ళతో కడిగికొనవలెను. ఊరికే నూనె రాయరాదు. బయటికి పోవునప్పుడు తలమీద పలుచని నూలుగుడ్డ ఉండవలెను.

నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదానితో ఇందులో చాలభాగము సరిపోవుచున్నది. తడిసిన వెంట్రుక ఉబ్బి బలహీనమగును. అప్పుడు దువ్వినచో తెగును. ఎండలోని అతినీలలోహిత కిరణములు వెంట్రుకలోని కెరటిన్ అను మాంసకృత్తును చెరచును. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి చొచ్చి, కడుగునప్పుడు కలుగు నష్టమును తగ్గించును; ఆముదము చిక్కనిది గనుక పైననే నిలిచి దుమ్మును పట్టుకొనును. చుండ్రునకు కారణమగు సూక్ష్మజీవి తలమీది జిడ్డును తిని పెరుగును. అందుచే చుండ్రున్న తలకు నూనె పట్టించుట నిప్పుకు నెయ్యి పోయుటయే. ఉప్పునీటిలోని సున్నము సబ్బుతో కలిసి వెంట్రుకకు మడ్డివలె అంటుకొనును. సీకాయకు ఆ చిక్కు అంతగా లేదు. దినమునకు 50 మొదలు 100 వరకు వెంట్రుకలు రాలుట సహజము, దానికి భయపడనక్కరలేదు. గడ్డలు, పుండ్లు లేచినప్పుడు మాత్రము ముందు డాక్టరు, తరువాతనే అవ్వ.

అజ్జి చెప్పుచుండగా నాకు మరియొక సందేహము కలిగెను. "ఇవన్నీ మా అవ్వ నీకు నేర్పిందా, నువ్వు మా అవ్వకు నేర్పితివా?" అని అడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించెను. గంజి రాయదుర్గమునుండి మా అవ్వ తెచ్చినదట. మందారపు ఆకు, అనగా వారి దాసవాళము, అజ్జి పుట్టింటిదట. మెంతులు ఎవరివో ఇరువురికిని తెలియదట. ఇద్దరును ఒకే హండా క్రింద కట్టెలు పెట్టి, ఒకే రోట రుబ్బిన కాలములో ఏది ఎవరిదో ఎవరు లెక్కపెట్టిరి?

మన సీకాయ వారికి సీగెకాయి. మన నూనె వారికి ఎణ్ణె. పండితులు చెప్పుదాని ప్రకారము నువ్వు, నేయి అను మాటలు కలిసి మన నూనె యైనది. ఎళ్ళు, నెయ్ అను మాటలు కలిసి వారి ఎణ్ణె యైనది. రెండును మొదట నువ్వులనూనెయే. ఒక్క "అవ్వ" అను మాట మాత్రమే మమ్ము తికమక పెట్టెడిది. వారి ఇంట అవ్వ యనగా తల్లి. మా ఇంట నాయనమ్మ. నేను మా అవ్వను గూర్చి చెప్పినప్పుడెల్ల అజ్జి మనుమలు మా అమ్మ అనుకొనెడివారు.

గడ్డలు మానిన తరువాత, సెలవులు ముగియుటకు ముందు వారమున, పిల్లను బ్రతిమాలి ఒక్కమారు అజ్జి చెప్పిన విధముగా పోసితిని. అజ్జి పక్కన కూర్చుండి నూనె చుక్కలు లెక్కించెను. షాంపూయే ఇంగ్లీషువారిది, అదే మంచిదని పిల్ల వాదించెను. ఆ మాట మన హిందూస్థానీలోని "చాంపో" అనుదానినుండి పోయినదనియు, దానికి అర్థము ఒత్తుమని యనియు, పాట్నాలో పుట్టిన సేక్ దీన్ మహమ్మదు అనునాయన 1810ల దశాబ్దమున ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణమున స్నానశాల పెట్టి దొరలకు మర్దనము చేయించి ఆ మాటకు ప్రసిద్ధి తెచ్చెననియు చెప్పితిని. పిల్ల నమ్మలేదు గాని నవ్వెను. నీళ్ళు పోసినంతసేపు ఏడ్వలేదు.

జడను గూర్చిన నా పంతమును కూడ విడిచితిని. భుజములవరకు కత్తిరించుటకు ఒప్పుకొంటిని. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. చెడిన కొనలు పోవలెనన్నచో కత్తెర తప్ప మార్గము లేదు. కోడలికి నేను క్షమాపణ చెప్పలేదు. ఆమెయే కత్తెర తెచ్చి నా చేతికిచ్చెను. అది మాకిద్దరకును చాలెను.

ఈ వేసవిలో పిల్ల మరల వచ్చినది. తన సంచిలోనుండి ఒక నోటు పుస్తకము తీసి, తలంటు పద్ధతి చెప్పుమనెను. నేను చెప్పితిని, అది వ్రాసికొనెను. తెలుగు అక్షరములు దానికి రావు. కుంకుడు, సీకాయ, గంజి, మాడు, చిక్కు అను మాటలనన్నిటిని కన్నడ లిపిలో వ్రాసినది. నేను ఆ పుటను చాలసేపు చూచితిని. అక్షరములు నేర్పవలసిన పని నాకింకను మిగిలియున్నది. కాని మాటలు దాని చేతికి చేరినవి.

అజ్జి నిరుటి కార్తికమాసమున కాలము చేసెను. నేను ఆనాడు అడుగనిచో, మా అవ్వ తలంటు ఆమెతోనే పోయియుండెడిది. మనము మన సంస్కృతిని కాపాడుచున్నామని సభలలో చెప్పుకొందుము. అందులో కొంతభాగమును ఎదురింటివారు, తమ భాషలో, తమకు తెలియకయే కాపాడుచున్నారు. ఈ సంచిక చదువు సోదరీమణులకు నా మనవి ఒక్కటే. వచ్చు ఉగాదికి నూనె జాడీ మార్చునప్పుడు, మీ ఇంటిలో పెద్దవారున్నచో వారిని అడుగుడు. లేనిచో వీధి దాటి ఎదురింటివారిని అడుగుడు. ఆముదము మాత్రము బొట్టుగానే పోయుడు.