పినపాక పల్లెలలో పాతవస్తువులు

పండుగ వచ్చుచున్నదనగానే ఇల్లు దులుపుట మన గృహిణులకు పరిపాటి. ఆ దులుపుటలో ఏ మూలనుండియో ఒక పాతవస్తువు బయటపడుట, దానిని పాతసామానులవానికి ఇచ్చివేయవలెనా, మరల మూలకు చేర్పవలెనా యని యింటిల్లిపాదియు తర్కించుట కూడ పరిపాటియే. మొన్న సంక్రాంతికి మా యింట అట్లు బయటపడినది మా అమ్మమ్మగారి తిరగలి. ఇచ్చివేయుదమని కొందఱు, ఉంచుదమని కొందఱు. ఉంచుదమన్నవారిని ఎందులకని అడిగినచో, "పాతది గనుక" అని తప్ప వేఱు సమాధానము లేదు. తుదకు తిరగలి ఎప్పటి మూలకే చేరినది.

ఆ తర్కము మనస్సులో మెదలుచుండగనే, ఫాల్గునమాసము చివరను పినపాక ప్రాంతమునకు పోవు అవకాశము మాకు కలిగెను. పాతవస్తువును ఎందుకు ఉంచుకొనవలెనో, దేనిని నిశ్చింతగ విడువవచ్చునో, అచటి కోయసోదరీమణుల యిండ్లను చూచిన పిమ్మట మాకు కొంత తెలిసినది. ఆ ముచ్చట మన సోదరీమణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పినపాక భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని యొక మండలము. 2016 అక్టోబరు వఱకు ఇది ఖమ్మము జిల్లాలో నుండెను. ఒకవైపున గోదావరి, మఱియొకవైపున అడవియు గుట్టలును. నైజాము పాలనలో నదికి ఈవలియొడ్డు హైదరాబాదు సంస్థానము, ఆవలియొడ్డు మదరాసు రాజధాని. ఆవలి భద్రాచల ప్రాంతము 1959లో గాని ఖమ్మము జిల్లాలో కలియలేదు. ప్రభుత్వములు మారినను, హద్దులు మారినను, రెండుదరుల కోయలును ఒకే భాష మాటలాడుచు, మూడవగట్టు, నాలుగవగట్టు, ఐదవగట్టు అని తమ గోత్రములను లెక్కించుకొనుచు, ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకొనుచునే యున్నారు.

కొత్తగూడెమునుండి మణుగూరు చేరి, అచటినుండి ఏటూరునాగారము పోవు బాటను పట్టితిమి. ఈ సీమ అడవిసీమ యని విని, కేవలము పాతకాలమును చూడబోవుచున్నామని తలంచినవారికి మణుగూరులోనే ఆ భ్రమ తొలగును. సింగరేణివారి బొగ్గుగనులు పగలును రాత్రియు పనిచేయుచుండును. బొగ్గుబండ్లు దుమ్ము రేపుచు పోవుచుండును. మణుగూరు పినపాక మండలముల నడుమ కట్టిన భద్రాద్రి విద్యుత్కేంద్రము నాలుగు యూనిట్లతో 1080 మెగావాట్ల శక్తిని ఉత్పత్తి చేయగలది. దాని పొగగొట్టములు చాలదూరము మనవెంట వచ్చును. ఏడూళ్ళబయ్యారము కూడలి దాటిన తరువాత గాని తాటిచెట్లు, ఇప్పచెట్లు కంటికి నిండుగ కనబడవు. ఇచటి యిండ్లలో విద్యుద్దీపము కలదు, చేతులలో టెలిఫోను కలదు. పాతవస్తువు మిగిలినది క్రొత్తది రాకపోవుటచేత కాదని ముందుగనే చెప్పవలసియున్నది.

మాకు తోడువచ్చినది ఆ సీమ బడిలో పనిచేయు ఒక ఉపాధ్యాయిని. ఆమెయు కోయకులమునందు పుట్టినదే. తెల్లవాఱుజామున మమ్ము లేపి ఇప్పచెట్లక్రిందికి తీసికొనిపోయెను. ఇప్పపూవు రాత్రిపూట రాలును. సూర్యుడు పొడచూపునప్పటికి చెట్టుక్రింద లేతపసుపు తివాచి పఱచినట్లుండును. స్త్రీలును పిల్లలును బుట్టలు చేతబట్టుకొని వంగి యేరుచుండిరి. పూవును ఎండబెట్టి దాచుకొందురు, ఉడికించి తిందురు, సంతలో అమ్ముకొందురు. పూవు రాలిన తరువాత వచ్చు కాయగింజలనుండి నూనె తీయుదురు. తొలి వెలుగులో వారు నవ్వుచు మాటలాడుకొనుచు ఏరుచుండగా చూచుట కన్నులపండువుగ నుండెను. కాని నడుములు వంచి గంటలకొలది ఏరుట ఎంత శ్రమయో పావుగంటలో మా నడుములకే తెలిసినది.

ఆ ఉదయమే ఉపాధ్యాయినిగారి పెద్దమ్మ యింటికి పోయితిమి. మట్టిగోడలు, పేడతో అలికిన నేల, వసారాలో నులకమంచము. దూలమునకు వరుసగ సొరబుర్రలు వ్రేలాడుచుండెను. ఆ ప్రక్కనే గోడకు ఆనించి ప్లాస్టికు బిందెలు, స్టీలుగిన్నెలు మన యిండ్లలో వలెనే యున్నవి. ఆ యవ్వ బుర్రనుండి గ్లాసులో నీరు పోసి మాకిచ్చెను. నీరు చల్లగ, కమ్మగ నుండెను. ప్లాస్టికు డబ్బా యుండగా బుర్ర ఎందుకు అవ్వా యని అడిగితిమి.

"డబ్బా ఎండకు కాగుద్ది బిడ్డా. చేనుకాడికి పోతే మధ్యాన్నానికి ఆ నీళ్ళు నోట్లో పెట్టలేం. బుర్రల నీళ్ళు సల్లగుంటయి" అని ఆమె చెప్పెను.

బుర్ర చేయు విధానమును మా సోదరీమణులు తెలిసికొనగోరుదురని అడిగి తెలిసికొంటిమి. సొరకాయను తీగెమీదనే బాగుగ ముదురనిచ్చి ఎండనియ్యవలెను. తొడిమయొద్ద చిన్నరంధ్రము చేసి, నీరు పోసి కొన్నిదినములు నాననిచ్చి, లోపలి గుజ్జును గింజలను కదిపి వెలికిదీయవలెను. పలుమాఱులు కడిగి, మరల ఎండబెట్టినచో బుర్ర సిద్ధమగును. నిడుపుమెడ బుర్ర నీటికి, జావకు. పొట్టిబుర్ర విత్తనములకు. పొడవుగనున్న చిన్నకాయను ప్రక్కగ కోసినచో గరిటె యగును. విత్తనములను బూడిదతో కలిపి బుర్రలో పోసి, మూతి బిగించి, పొయ్యిపైనున్న దూలమునకు కట్టుదురు. పొయ్యిపొగ తగులుచుండుటచే పురుగు చేరదు. తొలకరికి ముందు విత్తనాల పండుగ వచ్చును. విత్తనములను ఊరి వేల్పుయెదుట పెట్టి పూజించి గాని దుక్కిలో చల్లరు. అట్లే క్రొత్తపంట వచ్చినపుడు కొత్తల పండుగ చేసి, వేల్పులకు, పెద్దలకు నివేదింపక నోటబెట్టరు. బుర్ర యొక్కటి పోయినచో దానివెంట ఇన్ని అలవాట్లు కదలును.

అట్లని ఆ యవ్వ పాతదానినెల్ల పట్టుకొని వ్రేలాడుచున్నదని తలంపకుడు. తిరగలి యేదని మేమడుగగా ఆమె నవ్వి, పెరటిలో గిన్నెలు తోముకొను చోట బోర్లించియున్న రాతిని చూపెను. "మరాడించే గిర్ని వచ్చినంక ఎవరు తిప్పుతరు? భుజాలు పడిపోయినయి దాంతోని. పోతే పోయింది" అనెను. చెలమనీరు మోయుటయు మానినారు, కుళాయి వచ్చినది. కోడండ్రు కాన్పునకు ఆసుపత్రికి పోవుచున్నారు. వీనిలో దేనికిని ఆమె చింతింపలేదు. ఒంటిని నలిపిన పాతను విడిచినది, ఇంటికి పనికివచ్చు పాతను ఉంచినది. మన యింట జరిగిన తర్కమునకు ఆమె యొద్ద సమాధానము సిద్ధముగ నున్నది.

మధ్యాహ్నము ఆ యూరి పెద్దలలో నొకరి యింటికి పోయితిమి. లోగదిలో దూలమునకు గుడ్డతో చుట్టిన మూట యొకటి కట్టియుండెను. కాళ్ళు కడుగుకొని వచ్చి, ఆయన దానిని మెల్లగ దింపి విప్పెను. అందు అడవిదున్న కొమ్ములజత యున్నది. వెదురుతో అల్లిన టోపీకి కొమ్ములను బిగించి, నెమలియీకలు కూర్చి, గవ్వలు కుట్టిన తలపాగ అది. పెండ్లిండ్లలోను పండుగలలోను పురుషులు దీనిని ధరించి, పెద్దడోళ్ళు మెడకు వ్రేలాడగట్టుకొని నృత్యము చేయుదురు. స్త్రీలు ఒకరి చేయి నొకరు పట్టి వరుసగ నిలిచి రేలపాట పాడుచు అడుగులు వేయుదురు. కొమ్ముకోయలని వీరికి పేరు వచ్చినది దీనివలననే.

ఆ కొమ్ములు తన తాతనాటివని ఆయన చెప్పెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిదున్నను వేటాడుట నేరము. ఆ మృగము తగ్గిపోయిన కాలములో అది న్యాయమైన కట్టుబాటే. కాని దాని ఫలితముగ, ఇండ్లలోనున్న కొమ్ములు విఱిగినను, పురుగుతిన్నను వాని చోట మఱియొకజత రాదు. అన్నదమ్ములు వేఱుపడినపుడు పొలము పంచుకొనవచ్చును గాని కొమ్ములను పంచుకొనలేరు. పెద్దకొడుకు యింట నుంచి, అందఱి శుభకార్యములకును తెచ్చుకొందురట. కఱ్ఱతో చేసిన కొమ్ములను పెట్టుకొనువారును ఉన్నారట. "ఆడితేనే కొమ్ములు బాగుంటయి. మూట విప్పకుండ పెడితే పురుగు పడతది" అని ఆయన అనెను. ఆ మాట మాకు పట్టుచీరల పెట్టెను జ్ఞప్తికి తెచ్చినది. కట్టక దాచిన పట్టుచీర మడతలలోనే చినుగునని మన తల్లులు చెప్పుచుండెడివారు గదా!

ఇంతకంటె విలువైన వస్తువు ఈ సీమలో మఱియొకటి కలదు. అది పడిగె. గుడ్డమీద వేల్పుల బొమ్మలను, పూర్వవీరుల బొమ్మలను తీర్చిన పతాక వంటిది. గోత్రముల చరిత్ర అంతయు అందు బొమ్మలుగ నుండును. దానిని చదువువారు డోలికోయలు. పండుగలలోను, పెండ్లిలోను, చావులోను డోలు వాయించుచు, పడిగెలోని కథను పాడి వినిపించుట వారి వృత్తి. సమ్మక్క సారలమ్మల కథయు, పగిడిద్దరాజు కథయు గ్రంథములలోనికి ఎక్కకముందే వీరి కంఠములలో బ్రతికియుండెను.

పినపాకకు ఇరుగైన మణుగూరు మండలములోని కూనవరమునందు సకిని రామచంద్రయ్యగారని డోలి కళాకారుడు ఉండెడివారు. కోయభాషలోను తెలుగులోను కథ పాడగలిగిన కొలదిమందిలో ఆయన యొకరు. 2022లో భారతప్రభుత్వము వారు ఆయనకు పద్మశ్రీ బిరుదము నిచ్చిరి. పల్లెలో డోలు మోసిన చేతికి రాష్ట్రపతిభవనములో సన్మానము జరిగినదని ఈ సీమ యంతయు పొంగిపోయినది. 2024 జూన్ మాసములో ఆయన గతించిరి. పడిగెలు ఉన్నవి, డోళ్ళు ఉన్నవి. వానిని పలికించు కంఠములు ఏటికేడు తగ్గుచున్నవి. బొమ్మలలో ఎవరు ఎవరో చెప్పువారు లేనినాడు పడిగె రంగులు వెలిసిన గుడ్డ మాత్రమే యగును. ఉపాధ్యాయినిగారు ఈ మాట చెప్పుచు కొంతసేపు మౌనము వహించిరి. తన బడిపిల్లలలో కోయభాష అర్థము చేసికొనువారు ఉన్నారుగాని, కథ మొదటినుండి తుదివఱకు చెప్పగలవారు ఒక్కరును లేరని ఆమె విచారము.

వస్తువు మిగిలి కథ పోయినచో ఏమగునో చూపెదనని, మఱునాడు ఆమె మమ్ము అదే మండలములోని జానంపేటకు తీసికొనిపోయెను. అచట వేలయేండ్లనాటి సమాధులు కలవు. ఇనుము క్రొత్తగ వాడుకలోనికి వచ్చిన కాలపు జనులు పెద్దపెద్ద రాతిపలకలను నాలుగువైపుల నిలిపి, పైన మఱియొక పలకను కప్పి తమవారిని అందుంచిరి. అంతటి రాళ్ళను మోసి తెచ్చినవారికి చనిపోయినవారిపై ఎంత ప్రేమయుండెనో! వారికిని తల్లులుండిరి, ఏడ్చిన ఆడుబిడ్డలుండిరి, పాడిన పాటలుండిరనుట నిశ్చయము. ఇప్పుడు ఒక్క పేరైన మిగులలేదు. ఇట్టి కట్టడములను మన తెలుగుదేశములో జనులు రాక్షసగుళ్ళు అని పిలుతురు. కథ చెప్పువారు లేకపోయినందున మనుష్యులు కట్టినది రాక్షసుల పేరున చెల్లుచున్నది. రాళ్ళు చెక్కుచెదరలేదు, ఎవరివో చెప్పలేకున్నవి.

ఆ రాళ్ళయెదుట నిలిచినపుడు మా యింటి తిరగలి మాకు జ్ఞప్తికి వచ్చెను.

ఇల్లు చేరిన మఱునాడే దానిని వసారాలోనికి తెప్పించి కడిగితిమి. మా తల్లిగారిని పిలిచి, అమ్మమ్మ దీనియొద్ద కూర్చుండి యేమి పాడెడిదని అడిగితిమి. ఆమె పిడిమీద చేయివేసి, ఒక సుట్టు త్రిప్పి, కనులు మూసికొని ఆలోచించినది. రెండు చరణములు వచ్చినవి. మూడవది సగము వచ్చి ఆగిపోయినది. "పెద్దపాట అది, సీతమ్మవారిమీద. కందులు విసరుట అయిపోవునప్పటికి సరిగ అయిపోయెడిది. నేర్చుకొమ్మని అమ్మ చాలసారులు చెప్పినది, నేనే వినలేదు" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. అమ్మమ్మగారు పోయి ఇరువదియేండ్లు దాటినది. ఆ పాట తెలిసినవారు మా బంధువులలో మఱెవ్వరును లేరు. మేము తిరగలిని భద్రముగ దాచితిమి, పాటను పోగొట్టుకొంటిమి. పినపాక అవ్వ మాత్రము తిరగలిని పెరటిలో బోర్లించి, విత్తనమును పండుగను నిలుపుకొన్నది. ఇరువురిలో పాతను కాపాడినవారు ఎవరో చెప్పనక్కఱలేదు.

సోదరీమణులారా! ప్రతి పాతవస్తువును మోయుచు కూర్చుండుడని మేము చెప్పుటలేదు. భుజములు పడగొట్టు తిరగలిని విడుచుటలో తప్పు లేదు. కాని వస్తువును ఇచ్చివేయకముందు, దానితో మెలగిన పెద్దలు ఇంటనుండగనే, దానిని ఎట్లు వాడెడివారో, దానియొద్ద ఏమి పాడెడివారో, ఏ పండుగకు తీసెడివారో అడిగి ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచుడు. వీలైనచో ఆ పాటను పిల్లలచేత పాడింపుడు. మా తల్లిగారికి వచ్చిన ఆ రెండు చరణములను మా అమ్మాయి వ్రాసికొన్నది. మూడవ చరణము క్రింద ఖాళీ విడిచి, ఎప్పుడైన జ్ఞప్తికి వచ్చునేమో యని పుస్తకమును మా తల్లిగారి తలగడయొద్దనే ఉంచినది.