ఓడ వచ్చిన రోజే సంత

కొచ్చి దాటాక, ఓడలోంచి

నాన్నగారికి,

మీరు భయపడ్డట్టు కడుపులో తిప్పడం లాంటిదేమీ లేదు. ఓడ పెద్దది, ఏడు వందల మంది పడతారు. పేరు ఎం.వి. కవరత్తి. దీన్ని కట్టింది మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో. అరుగు మీద కూర్చునే మీ మిత్రులకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

టిక్కెట్టు కంటే పర్మిట్‌కే ఎక్కువ తిరగాల్సి వచ్చింది. దేశంలో ఉన్న ఊరికి వెళ్లడానికి అనుమతి ఏమిటని అమ్మ విసుక్కుంది కదా. లక్షద్వీప్‌లో స్థానికులు దాదాపు అందరూ షెడ్యూల్డ్ తెగ. బయటివాళ్లు వచ్చి స్థిరపడకుండా, నేల కొనకుండా ఉండడానికే ఈ కాపలా. జాగా చూస్తే ఆ భయం ఎందుకో తెలుస్తుంది. 36 దీవులుంటే పదింట్లోనే జనం. నేలంతా కలిపి 32 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో జనాభా 64,473. అంటే చదరపు కిలోమీటరుకు రెండు వేల మంది పైమాటే.

వీటిని మన గోదావరి లంకల్లా ఊహించుకోకండి. లంకకి ఏటేటా వరద ఒండ్రు తెచ్చిపెడుతుంది. ఇక్కడ ఎగువ నుంచి వచ్చేది ఏమీ లేదు. సముద్రంలో మునిగిన కొండల మీద పగడపు జీవులు తరతరాలుగా కట్టిన గోడ, ఆ గోడ అరిగి రాలిన తెల్లటి ఇసుక, అంతే. సముద్ర మట్టానికి మీటరో రెండు మీటర్లో ఎత్తు. చాలా దీవులకి తూర్పున నేల, పడమట పగడపు గట్టు, మధ్యలో లోతు తక్కువ ఉప్పు మడుగు. ఆ మడుగులన్నీ కలిపితే 4,200 చదరపు కిలోమీటర్లు. ఇక వీటి పుణ్యాన మన దేశానికి దక్కిన సముద్రం సుమారు నాలుగు లక్షల చదరపు కిలోమీటర్లు. ఢిల్లీకి ఈ నేల మీద కంటే ఆ నీటి మీదే మక్కువ అనిపిస్తుంది. 2024 మార్చిలో దక్షిణ కొసన ఉన్న మినికాయ్ దీవిలో నౌకాదళం ఐ.ఎన్.ఎస్. జటాయు పేరుతో స్థావరం తెరిచింది కూడా.

నా పక్కన కవరత్తి దీవి టీచరమ్మ ఒకావిడ కూర్చున్నారు. కళ్లు చూపించుకోవడానికి కొచ్చి వెళ్లి వస్తున్నారు. చేతిసంచీలో ఉల్లిపాయలు, క్యారెట్లు. ఎందుకండీ ఇంత మోత అంటే, "ఓడ వచ్చిన రోజే మాకు సంత. తర్వాత ఉన్నదే తినాలి" అన్నారు.


కవరత్తి

నాన్నగారూ,

పెద్ద ఓడ మడుగులోకి రాలేదు. గట్టు బయటే ఆగింది. చిన్న పడవలు వచ్చి పక్కన ఆనుకుంటే, కెరటం పడవని పైకి లేపిన క్షణం చూసుకుని దిగాలి. ముసలివాళ్లని, పసిపిల్లల్ని కూడా అలాగే చేతులు పట్టి దింపేస్తున్నారు. కెరటాలు రేగే వర్షాకాలంలో వీళ్ల అవస్థ ఊహించడం కష్టం కాదు. ప్రాణం మీదకి వచ్చిన రోగిని హెలికాప్టర్‌లో కొచ్చికి తీసుకెళ్తారట.

ఈ ఊరే రాజధాని. 1964 దాకా దీవుల ప్రభుత్వం కోళికోడ్‌లో ఉండేది. అంటే కాగితం మీద సంతకం కావాలన్నా సముద్రం దాటాల్సిందే. అంతకుముందు కథ మీకు నచ్చుతుంది. ఉత్తరాన అమీన్‌దివి దీవులు దక్షిణ కన్నడ జిల్లాలో, మిగతావి మలబారు జిల్లాలో ఉండేవి. రెండూ మద్రాసు సర్కారువే. అంటే ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా తాతయ్యకీ వీళ్లకీ ప్రభుత్వం ఒకటే. ఇంకో చిత్రం, ఆంధ్రప్రదేశ్ పుట్టిన 1956 నవంబరు 1నే ఇది కేంద్రపాలిత ప్రాంతమైంది. లక్షద్వీప్ అన్న పేరు 1973లో వచ్చింది.

శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు. అడ్మినిస్ట్రేటర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు. ఖర్చు కేంద్ర బడ్జెట్ నుంచి, స్థానిక చట్టాలు చాలావరకు రాష్ట్రపతి పేరు మీద వచ్చే నిబంధనలు, పెద్ద కోర్టు ఎర్నాకుళంలోని కేరళ హైకోర్టు. ప్రజలు ఎన్నుకునేది పంచాయతీల్ని, ఒక ఎంపీని. ఆ ఒక్క సీటు ఉందే, దాని చరిత్ర మీ ఎన్నికల పిచ్చికి సరైన మందు. 1967లో తొలిసారి ఓటు పడితే పి.ఎం. సయీద్ గెలిచారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. వరసగా పదిసార్లు గెలిచి, లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ కూడా అయ్యి, 2004లో 71 ఓట్లతో ఓడారు. మన ఊరి సర్పంచి ఎన్నికలో ఇంతకంటే తేడా వస్తుంది!

ఇంత చిన్న చోట ఆఫీసుకీ ఇంటికీ మధ్య దూరం ఉండదు. ఓడలు ప్రభుత్వానివి, కరెంటు ప్రభుత్వానిది, బడి, ఆసుపత్రి ప్రభుత్వానివి, చదువుకున్నవాళ్లు చూసే ఉద్యోగాలూ ప్రభుత్వానివే. అందుకే 2021లో అడ్మినిస్ట్రేటర్ కార్యాలయం కొత్త నిబంధనల ముసాయిదాలు తెచ్చినప్పుడు దీవులన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. అభివృద్ధి పేరుతో ఏ స్థలాన్నైనా తీసుకునే అధికారం అందులో ఉందని జనం గట్టిగా వాదించారు. జూన్ 7న ఇళ్లలోనే ఉండి పన్నెండు గంటలు నిరాహార దీక్ష చేశారు. పర్యాటకం పెరగాలి, డబ్బు రావాలి అన్న వాదన వట్టి మాట కాదు. కానీ ఎకరాల్లో లెక్కపెట్టుకునే ఊళ్లో ముందు అడగాల్సింది ఊరినే అని నాకు అనిపించింది.

నేల గురించి టీచరమ్మ చెప్పింది వింటే మీరు చిన్నాన్నతో పంపకాల గొడవ మర్చిపోతారు. ఇక్కడ ఇంటి వంశం తల్లి వైపు. తరవాడు, అంటే తల్లివైపు ఉమ్మడి కుటుంబం, దాని ఆస్తిని శుక్రవారం ఆస్తి అంటారు, ఎవరికి వారు సంపాదించుకున్నది సోమవారం ఆస్తి. శుక్రవారం ఆస్తిని కొడుకు తినొచ్చు గానీ తన పిల్లలకి ఇవ్వలేడు, అది అక్కచెల్లెళ్ల పిల్లలకే పోతుంది. సోమవారం ఆస్తి తన ఇష్టం. దాదాపు అందరూ ముస్లింలే, అయినా తల్లివైపు ఆచారం, షరియత్ రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

నీళ్లు అసలు చిక్కు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ పల్చటి పొరలా ఉంటుంది. బావిలో ఎక్కువ తోడితే ఉప్పు పైకి వస్తుంది, మరుగుదొడ్డి గుంత పక్కనే ఉంటే అదీ చేరుతుంది. 2005లో చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు ఇక్కడ ఒక ప్లాంటు పెట్టారు. పైనున్న వెచ్చటి సముద్రపు నీటిని గాలి తీసేసిన తొట్టిలో ఆవిరి చేసి, 350 మీటర్ల లోతు నుంచి లాగిన చల్లటి నీటితో ఆ ఆవిరిని చల్లబరుస్తారు. రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్లు. దీవి అంచు దాటగానే సముద్రం నిలువునా దిగిపోవడం వల్లే ఇది కుదిరింది. ఒక గ్లాసు తాగాను. బాగున్నాయి, కాస్త చప్పగా.


కల్పేని

నాన్నగారూ,

ఇది పూర్తిగా మీ ఉత్తరం. చెట్టంటే కొబ్బరే. కాయ మన దాని కంటే చిన్నది, నూనె మాత్రం ఎక్కువ. ఈ దీవుల రకం నుంచే కాసరగోడు పరిశోధన కేంద్రం చంద్రకల్పని ఎంపిక చేసింది. రసాయన ఎరువు ఇక్కడికి రానివ్వరు, దీవులన్నీ సేంద్రియ ప్రాంతమని ప్రకటించారు. మీరైతే నవ్వుతారు, యూరియా లేకుండా దిగుబడి ఎక్కడొస్తుందని. పెద్ద శత్రువు ఎలుక. చెట్టు మీదే కాపురం పెట్టి లేత కాయని కొరికి పడేస్తుంది.

ఆడవాళ్లు మడుగు ఒడ్డున ఇసుకలో డొక్కలు నానేసి, పీచు తీసి తాడు పేనుతారు. మాకు చూపించడానికి ఒకావిడ పేనింది, చెయ్యి కనపడనంత వేగం. ఈ తాడు వెనక పాత అన్యాయం ఉంది. ఈ దీవుల్ని ఏలిన కన్నూరు అరక్కల్ పాలకుల కాలం నుంచి తాడు దొరల గుత్త సొత్తు. వాళ్లు చెప్పిన రేటుకే ఇవ్వాలి, బదులుగా బియ్యం తీసుకోవాలి. తర్వాత ఇంగ్లీషువాళ్లూ ఆ పద్ధతే కొనసాగించారు. బియ్యం పండని చోట బియ్యం ధర చేతిలో ఉన్నవాడిదే రాజ్యం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దళారుల మీద మీరు వేసే కేకలు గుర్తొచ్చాయి.

తూర్పు తీరంలో పగడపు బండలు గుట్టగా పడి ఉన్నాయి. 1847 తుఫానులో సముద్రం విసిరినవంటారు.


మినికాయ్

నాన్నగారూ,

దక్షిణాన ఇది వేరే లోకం. మిగతా దీవులకి రెండు వందల కిలోమీటర్ల దూరం, మాల్దీవులు ఇంకా దగ్గర. మాట మలయాళం కాదు, మహల్. కుడి నుంచి ఎడమకి రాస్తారు. 1885 నాటి దీపస్తంభం ఎక్కి చూస్తే చెట్ల తలలు, అవతల మడుగు, అంతే ఊరు.

కొబ్బరి కాదు, చూర చేప, అంటే ట్యూనా, ఇక్కడి బువ్వ. వలలు కాదు, గడలు. ముందు మడుగులో చిన్న చేపల్ని ప్రాణాలతో పట్టి పడవ తొట్టిలో ఉంచుకుంటారు. నడిసముద్రంలో చూర గుంపు కనపడగానే వాటిని విసిరి, నీళ్లు చిమ్ముతారు. చేపలు పిచ్చెక్కినట్టు పైకొస్తాయి. ములుకు లేని గాలం కాబట్టి గడ ఎత్తగానే చేప పడవలో పడి దానంతట అదే ఊడుతుంది. ఒక్కో చేపని ఒక్కో మనిషి పట్టడమే. అందుకే అక్కర్లేని చేపలు చావవు. పట్టినది ఉడికించి, పొగ పెట్టి, ఎండలో గట్టిపడేదాకా ఆరేస్తే మాస్. ఐస్ లేని రోజుల్లో ఇదే వీళ్ల నిల్వ సొమ్ము. ఇప్పటికీ కొనేవాడు సముద్రం అవతలే, ధర అవతలే తేలుతుంది.

ఆ ఎర చేపలు పగడాల సందుల్లో బతుకుతాయి. 1998, 2010, 2016లలో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబోయాయి. పగడం చస్తే గడకి ఎర లేదు, దీవికి ఇసుకా లేదు. గైడు కుర్రాడు ఈ మాట చెప్పి, వెంటనే తన ఫోన్‌లో ఇంటర్నెట్ ఎంత వేగమో చూపించాడు. కొచ్చి నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2024లో మొదలైంది. ఇన్నాళ్లూ పరీక్ష ఫలితాలు చూడాలంటే అర్ధరాత్రి దాకా మేలుకునేవాళ్లమని అన్నాడు.

అమ్మకి మాస్ ముక్క ఒకటి తెస్తున్నాను. రాయిలా ఉంది. కత్తిపీటకి తెగదేమో, రోట్లో దంచాలి. కొచ్చిలో దిగాక ఫోన్ చేస్తాను, రాజమండ్రి స్టేషన్‌కి రావద్దు, బస్సు దొరుకుతుంది.

మీ అమ్మాయి